పెద్ద పళ్ళెం, చిన్న పళ్ళెం

నా చిన్నప్పుడు మేం గల్ఫ్‌లో, ఫుజైరాలో ఉండేవాళ్ళం. నాన్న ఓడలకు ఆయిల్ నింపే బోటులో మెకానిక్. సముద్రం మీదికి వెళ్ళాడంటే మళ్ళీ ఒడ్డుకు వచ్చేదాకా ఆయన కబురు తెలిసేది కాదు. నాన్న తమ్ముడు, మా చిన్నాయన, కొండల్లో క్వారీలో పనిచేస్తూ మాతోనే ఉండేవాడు. ఆయనకున్న పిచ్చల్లా బంగారం. దేశం వదిలిపోతున్న ఒక ఇంజినీరు దగ్గర పాత మెటల్ డిటెక్టర్ కొనుక్కుని, శుక్రవారం వస్తే చాలు, ఎండిన కొండవాగుల వెంట తిరిగేవాడు. అక్కడ వాగును వాదీ అంటారు. "నెల్లూరులో లేని బంగారం ఈ నల్ల రాళ్ళల్లో ఉండాదా అబ్బయా" అని అమ్మ ఎగతాళి చేసేది. అప్పటిదాకా ఆయనకు దొరికినవి సోడా డబ్బా మూతలు, ఏదో జీపు తాలూకు తుప్పు పట్టిన నట్టు.

ఆ యంత్రం కర్ర చివర బిగించే గుండ్రటి కాయిళ్ళు రెండుండేవి. అమ్మ వాటిని పెద్ద పళ్ళెం, చిన్న పళ్ళెం అనేది. పెద్దది లోతుగా వింటుంది. కానీ ఆ కొండరాళ్ళలో ఇనుము ఎక్కువ, అందుకని అడుగడుక్కీ ఊరికే మూలుగుతుంది. పైన పడి ఉన్న చిన్న వస్తువును దాటుకుని పోతుంది కూడా. చిన్నది జానెడు లోతుకు మించి వినలేదు, అయితే దాని కిందికి వచ్చిన గింజంత బంగారాన్నైనా వదలదు. చిన్నాయన ఎప్పుడూ పెద్దదే బిగించేవాడు. ఆయన కలలోని బంగారం ఎప్పుడూ లోతునే ఉండేది మరి.

ఒక శుక్రవారం పులిహోర కట్టుకుని మేమూ ఆయన వెంట వెళ్ళాం. ఆ రోజు గాలిలో సన్నటి దుమ్ము నిలిచిపోయి, సూర్యుడు వెలిసిపోయినట్టున్నాడు. వాదీ ఒడ్డున పైకప్పుల్లేని రాతి ఇళ్ళు కొన్ని ఉన్నాయి. ఎవరు కట్టారో, ఎప్పుడు వదిలిపోయారో ఎవరికీ తెలియదు. ఒక్క పిట్ట కూడా కూయడం లేదు. ఆ ఇళ్ళు దాటి, ముళ్ళచెట్ల కింద వంగి నడిచి, నీటి మడుగు దగ్గరికి చేరాం. అక్కడ ముఖం కడుక్కోబోయి అమ్మ మెడ తడుముకుంది.

మెడలో పుస్తెలతాడు లేదు. ముళ్ళకు తగులుకుందేమో, తాడూ పుట్టింటి పుస్తే కొంగులో చిక్కుకుని ఉన్నాయి. మెట్టినింటి పుస్తె ఎక్కడో జారిపోయింది. అంతసేపూ నవ్వుతూ ఉన్న మనిషి రాతి మీద కూలబడిపోయింది. నాన్న అప్పుడు నడి సముద్రంలో ఉన్నాడు. "తాడు పెరిగింది అబ్బయా" అంది.

తాళి తెగింది అనడం అశుభమని మా ఇళ్ళల్లో పెరిగింది అంటారు. ఆ సంగతి నాకు అప్పటికి తెలియదు. నిజంగానే పెరిగిందనుకున్నాను. అమ్మ పసుపుతాడు తీగలా సాగి సాగి, రాళ్ళ కిందికి పాకిపోతున్నట్టు కళ్ళకు కట్టింది. నేలమీద అడుగు పెట్టాలంటే భయమేసింది.

చిన్నాయన నా వెండి పట్టీలు విప్పించి దూరంగా ఒక బండ మీద పెట్టించాడు, లేకపోతే యంత్రం నన్ను చూసే కూస్తుందని. మేం వచ్చిన దారినే వెనక్కి వెతుక్కుంటూ, పెద్ద పళ్ళెంతోనే నడిచాడు. ముళ్ళచెట్ల దగ్గర అది ఎప్పటిలా మూలిగిందే తప్ప ఏమీ చెప్పలేదు. పాడుబడిన గోడ పక్కకు వచ్చేసరికి మాత్రం పాడింది. నోరు మూసుకుని ఎవరో కూనిరాగం తీస్తున్నట్టు, సన్నగా, తెగకుండా పాడింది. అన్నేళ్ళుగా ఆయన ఎదురు చూసిన శబ్దం అదే.

పళ్ళెం కదులుతుంటేనే ఆ యంత్రం మోగుతుంది, ఆపితే ఆగిపోతుంది. చిన్నాయన పళ్ళెం ఆపాడు. పాట ఆగలేదు. దాన్ని ఊరికే మోగించడానికి చుట్టుపక్కల కరెంటు తీగ కూడా లేదు. మాతో పని లేనట్టు, నేల కింద ఎవరో తమ పాటికి తాము పాడుకుంటున్నారు. అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని చెవులు మూసింది.

నేను ఆ చేతులు తోసేసి, "అదే చిన్నాయనా, అమ్మ తాడు! లోపలికి పెరిగిపోయుండాది, తవ్వు" అని ఏడ్చాను.

ఆయన ముఖంలో ఆశ స్పష్టంగా కనిపించింది. దాచుకోలేకపోయాడు. ఎండ అప్పటికే కొండ అంచుకు ఎక్కుతోంది. అక్కడ తవ్వడమో, పుస్తె వెతకడమో, ఒక్కదానికే వెలుతురు మిగిలింది. ఆయన గోడను చూశాడు, కొంగుతో మెడ కప్పుకున్న వదినను చూశాడు. యంత్రం ఆపేసి, గొంతుక్కూర్చుని, పెద్ద పళ్ళెం మర విప్పి చిన్నది బిగించాడు.

"పోయింది పైనే పడుంటాది తల్లీ. లోతునుంచి పిలిచేది మనది కాదు" అన్నాడు.

మళ్ళీ ముళ్ళచెట్ల దగ్గరికి వెళ్ళాం. చిన్న పళ్ళేన్ని నేలకు తగిలీ తగలనట్టు పట్టుకుని, ఇల్లు అలికేటప్పుడు చెయ్యి మీద చెయ్యి పడేట్టు, తిప్పిన చోటునే సగం కలుపుకుంటూ నిదానంగా తిప్పాడు. ఆయన తొందరపడకపోవడం చూసి నాకు ఏడుపు ఆగింది. చివరికి రెండు గులకరాళ్ళ మధ్య కోడిపిల్లలా ఒక్క కీచుమన్న శబ్దం. అమ్మ పుస్తెను కళ్ళకద్దుకుని బావురుమంది. తిరిగి వస్తూ ఆ గోడ వైపు మేమెవ్వరం చూడలేదు. వెనకనుంచి ఏమీ వినిపించకపోవడం ఇంకా భయంగా ఉంది.

ఇంటికి రాగానే అమ్మ కొత్త పసుపుతాడు కట్టుకుంది. ఆదివారం నాన్న డీజిల్ వాసనతో వచ్చి, ఆకలి ఆకలి అంటూ పీట వాల్చుకున్నాడు. ఆయన తింటున్నంతసేపూ అమ్మ చూస్తూనే ఉంది. జరిగిందేదీ చెప్పలేదు. ఆ గోడ దగ్గరికి మళ్ళీ పోదామని నేను సతాయిస్తే, "ఖలాస్ అమ్మా, అది ఖలాస్" అనేవాడు చిన్నాయన.

ఇప్పుడు నా కూతురిది నా అప్పటి వయసు. చిన్నాయన పోయాక ఆ డిటెక్టర్ నా దగ్గరికి వచ్చింది. చిన్న పళ్ళెం అంచులు అరిగి, రంగంతా పోయింది. పెద్దది గుడ్డ చుట్టినది చుట్టినట్టే ఉంది, మర సందులో ఆ వాదీ దుమ్ము ఇంకా అలాగే ఉంది. బంగారమంటే ప్రాణం పెట్టిన మనిషి దాన్ని మళ్ళీ బిగించనేలేదని అప్పుడు తెలిసింది, ఏడుపొచ్చింది. బతుకులో అప్పుడప్పుడు ఏదో పెద్దది లోతునుంచి నన్ను కూనిరాగం తీసి పిలుస్తుంది. విననట్టు ఉండలేను. ముందు మాత్రం నా మెడ ఒకసారి తడుముకుంటాను.