ఫ్రెస్నో ఆంటీ వాళ్ళమ్మ నోట్‌బుక్

మొన్న శనివారం మా అమ్మాయి డాన్స్ బ్యాగులోంచి నీళ్ళ సీసా తీస్తుంటే ఒక పుస్తకం జారిపడింది. తొమ్మిదేళ్ళ పిల్ల, ఈ అమెరికా డబ్లిన్‌లోనే పుట్టి పెరుగుతోంది. పుస్తకం నిండా డాన్స్ పాటలు. అన్నీ తెలుగు పాటలే, రాసింది మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో. రెండేళ్ళుగా ప్రతి ఆదివారం నిద్రలేపి, బతిమాలి, కారెక్కించి తెలుగు బడికి తీసుకెళ్తున్నదాన్ని, నాకు ఒళ్ళు మండదూ? కేకలేశాను. అది తాపీగా, "ఇది తెలుగే కదా అమ్మా, లెటర్స్ ఓన్లీ ఇంగ్లీష్," అంది. ఇంకో కేక వెయ్యబోయి ఆగిపోయాను. ఫ్రెస్నో ఆంటీ గుర్తొచ్చింది.

పన్నెండేళ్ళ కిందట నేను ఫ్రెస్నోలో మాస్టర్స్ చదివేదాన్ని. తోటి తెలుగువాళ్ళంతా గదికి ముగ్గురు చొప్పున సర్దుకుంటుంటే, నేను ఒక అర్మేనియన్ ఆవిడ ఇంట్లో వెనక గది అద్దెకు తీసుకున్నాను. డెబ్బై దాటిన మనిషి. భర్త పోయాడు, పిల్లల్లేరు. ఆంటీ అని పిలిస్తే మొదట్లో, నేనెప్పుడు నీకు బంధువునయ్యాను అన్నట్టు చూసేది. తర్వాత అలవాటుపడింది. ఆవిడ నన్ను 'హోకీస్' అనేది, వాళ్ళ భాషలో నా ప్రాణమా అని. నా పేరు నోరు తిరక్క ఈ ముద్దుపేరు పెట్టిందని నా గట్టి అనుమానం. పెరట్లో ద్రాక్ష పాదు ఉండేది. ఆ ఆకుల్లో బియ్యమూ మాంసమూ పెట్టి చుట్టేది, నా వాటాకి మాత్రం మాంసం మానేసేది. వంకాయల్లో కూరిన రోజున అచ్చం మా గుత్తివంకాయే అని మెచ్చుకున్నాను. కారం లేని గుత్తివంకాయ అని మనసులో అనుకున్నాను.

శనివారం మధ్యాహ్నాలు నాకు వాళ్ళ అక్షరాలు నేర్పేది. మేనల్లుళ్ళు ఒక్కరూ నేర్చుకోలేదట. నాకేమో ఎదురుగా పెట్టే పలహారం మీద ధ్యాస. మొత్తం ముప్ఫై ఎనిమిది అక్షరాలు. యాభై ఆరు దిద్దినదానికి ఇదొక లెక్కా అని గొప్పలు పోయాను. కొన్ని నెలలకు, అర్థం తెలియకపోయినా, గడగడా చదివెయ్యడం వచ్చింది.

అప్పుడు ఆవిడ సొరుగులోంచి నూనె మరకల నోట్‌బుక్ ఒకటి తీసింది. వాళ్ళమ్మ రాసుకున్న వంటలు. తొలి ప్రపంచయుద్ధం రోజుల్లో, ఇప్పటి టర్కీలో, అర్మేనియన్ల ఊళ్ళకు ఊళ్ళను తుడిచిపెట్టినప్పుడు, అప్పటికి చిన్నపిల్ల అయిన ఆ తల్లి తన ఇంట్లో ఒక్కతే మిగిలింది. అనాథాశ్రమంలో చదువు నేర్చుకుని ఓడెక్కి ఇక్కడికొచ్చింది. ఆవిడ ఇంట్లో టర్కిష్ మాట వినపడకూడదు. పక్కింటి గ్రామఫోనులో ఆ భాష పాట వస్తే కిటికీలన్నీ మూసేసేదట. ఫ్రెస్నో ఎండల్లో కిటికీలు మూసుకోవడమంటే ఏమిటో అక్కడ ఉన్నవాళ్ళకే తెలుస్తుంది. చిన్నప్పుడు ఎక్కడో విన్న టర్కిష్ మాట ఒకటి నోరు జారినందుకు ఆంటీ చెంప పగిలింది.

ఆ నోట్‌బుక్‌ని ఆంటీ చదవగలిగేది కానీ ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అది పాతకాలపు పల్లెటూరి అర్మేనియన్ అనీ, తనకొచ్చిన భాష దానికి చాలదనీ అనుకునేది. తల్లి రాత అర్థంకాని కూతురంటారని వాళ్ళ అర్మేనియన్ చర్చిలో ఎవరికీ చూపించలేదు. చచ్చిపోయేలోగా ఒక్క వంటైనా అమ్మ మాట ప్రకారం వండాలని ఆవిడ కోరిక. "నువ్వు పరాయి పిల్లవి, నీ దగ్గర నాకు సిగ్గు లేదు," అని ఒక పేజీ కాపీ తీయించి, చదవడం సాధన చేసుకోమని ఇచ్చింది.

ఒకరోజు ల్యాబ్‌లో ఆ పేజీ పైకి చదువుకుంటున్నాను. నాతో చదివే టర్కీ అబ్బాయి వచ్చి వెనక నిలబడ్డాడు. మళ్ళీ చదవమన్నాడు. చదివాను. "ఇది టర్కిష్," అన్నాడు. "ఎండు వంకాయలు నానబెట్టమంటోంది. మా నానమ్మ ఇలాగే చెప్పేది." కాగితం చేతికిస్తే మాత్రం ఒక్క అక్షరం పోల్చుకోలేకపోయాడు. నాకు అక్షరాలు వచ్చు, అతనికి మాటలు వచ్చు. ఇద్దరం కూర్చుని పేజీ పూర్తిచేశాం. నేను చదువుతుంటే అతను తన లిపిలో రాసుకున్నాడు, వాళ్ళమ్మకు పంపుతానని. వంటే కదా, రాసుకోమన్నాను.

ఇంటికి పరుగున వెళ్ళి, అర్థం తెలిసిందోచ్ అన్నట్టు అంతా చెప్పాను. ఆంటీ ద్రాక్షాకులు కడుగుతోంది. కుళాయి కట్టేసి చేతులు తుడుచుకుంది.

"అరవై ఏళ్ళుగా నాకు నా భాష రాదనుకున్నాను," అంది. "ఆ భాష పలికినందుకు నన్ను కొట్టి, తను అందులోనే రాసుకుంది. నన్ను మోసం చేసింది."

తర్వాత నా వైపు తిరిగి, ఆ అబ్బాయి రాసుకున్నాడా అని అడిగింది. అవునన్నాను. పాపం ఇరవై నాలుగేళ్ళ కుర్రాడు, అతనేం చేశాడని సర్దిచెప్పబోయాను.

"వాడేదో చేశాడని నేనన్నానా? మా ఊరిని వాళ్ళు తీసుకున్నారు. మా అమ్మ వంట నువ్వు ఇచ్చొచ్చావు."

మరుసటి శనివారం బల్ల మీద పలహారం లేదు, పుస్తకం లేదు. భోజనం మాత్రం పెడుతూనే ఉంది. నన్ను పేరుపెట్టి పిలవడం మొదలుపెట్టింది, నాలుగక్షరాలూ పొల్లుపోకుండా. నోరు తిరగదన్నది నా భ్రమేనని అప్పుడు తెలిసింది. నాకూ కోపం వచ్చింది. ఇన్నేళ్ళు ఆవిడ వెతుక్కున్నదేదో తెచ్చి చేతిలో పెడితే నన్ను దొంగని చేసిందే అని ఏడ్చాను. చదువు ముగిసే రోజుల్లో ఆ అబ్బాయి, వాళ్ళమ్మ వండిందనీ బాగా కుదిరిందనీ సంబరంగా చెప్పాడు. అది ఆంటీతో చెప్పలేదు. బెంటన్‌విల్‌లో ఉద్యోగం వచ్చి బయల్దేరుతుంటే వంకాయల డబ్బా చేతికిచ్చి, "జాగ్రత్తగా డ్రైవ్ చెయ్యి," అంది. హోకీస్ అంటుందేమోనని కారు స్టార్ట్ చేసి కూడా కాసేపు ఆగాను. నాలుగేళ్ళకు మేనల్లుడి దగ్గర్నుంచి కార్డు వచ్చింది, ఆవిడ పోయిందని.

ఆ తల్లికి అక్షరాలు అనాథాశ్రమం ఇచ్చింది. ఆ ఊళ్ళ అర్మేనియన్లలో చాలామంది ఇంట్లో టర్కిషే మాట్లాడేవారట. అంతకుముందు ఆవిడ సొంత తల్లి వంటింట్లో వినపడిన మాటలూ టర్కిష్‌వే అయ్యుంటాయి. వంట చెప్పడానికి ఆవిడకు ఇంకో భాష లేదేమో. ఈ సంగతి నాకు ఒక కూతురు పుట్టి, పెరిగి, నా మీదికి తిరగబడ్డాక తోచింది. అప్పుడే తోచి ఉంటే ఆంటీకి చెప్పేదాన్ని.

మా అమ్మాయి పుస్తకం దాని బ్యాగులోనే పెట్టేశాను. తనది కాని తప్పును ఆంటీ అరవై ఏళ్ళు మోసింది. నేను మోస్తున్నది పన్నెండేళ్ళుగానే, కానీ ఈ తప్పు నాదే.