ఎండలో కనబడని మంట

1996 వానాకాలం. చిక్కడపల్లి సందులో నాది స్కూటర్ మెకానిక్ షాపు. రాత్రంతా వాన కురిసి, మధ్యాహ్నానికి ఎండ చుర్రుమంటోంది. అశోక్‌నగర్ బస్తీ నుంచి కిష్టయ్య స్కూటర్ నెట్టుకుంటూ వచ్చాడు. పాలమూరు మనిషి, చెక్క సామానుకు పాలిష్ వేస్తాడు. వెంట చిన్న కూతురు అనిత.

“రాత్రి వానకు తడిసిందన్నా. ఇగ స్టార్ట్ అయితలేదు. జర చూడు.”

“పెట్రోల్ ఏడ పోయించినవ్?”

కిష్టయ్య నవ్వాడు. “సగం పెట్రోల్, సగం స్పిరిట్. పాలిష్ కాడ మిగిలింది పోస్తున్న. మంచిగనే ఉరుకుతది.”

స్పిరిట్ అంటే పాలిష్‌కు లక్క కరిగించే ఆల్కహాల్. పెట్రోల్ నీళ్లతో కలవదు. స్పిరిట్ మాత్రం మూతలోంచి చేరిన వాన నీటిని పీల్చుకుని ట్యాంకు అడుక్కు దిగుతుంది, ఇంజన్‌కు ముందు అందేది అదే. పైగా అప్పటి రబ్బరు పైపులను నానబెట్టి తినేస్తుంది. పైపు విప్పి చూద్దామని పానా కోసం లోపలికి వెళ్లాను.

ఈలోపు కిష్టయ్య ఊరుకోలేదు. స్టార్ట్ కాకపోతే అప్పట్లో స్కూటర్ వాళ్లందరూ చేసేదే. బండిని ఓ పక్కకు వంచి, లేపి, కిక్కు కొట్టాడు. అనిత ఇంజన్ పక్కనే నిలబడి ఉంది.

“నాయినా, కాళ్లు కాలుతున్నయ్.”

“ఎండకు బిడ్డా. నీడకు జరుగు.”

నేను పానాతో బయటికొచ్చి చూశాను. పొగ లేదు, మంట లేదు. కానీ ఇంజన్ వెనకున్న గోడ నీళ్లలో చూసినట్టు వణుకుతోంది. పాప గౌను అంచు దానంతటదే ముడుచుకుపోతోంది. స్పిరిట్ మంట ఎండలో కనబడదని విన్నాను గానీ, దానికి ఎదురుపడటం అదే మొదటిసారి.

పాపను ఇవతలికి లాగి తడి గోనెసంచి చుట్టాను. నిప్పు భయానికి షాపులో ఉంచే బకెట్‌లోని ఇసుకంతా బండి మీద కుమ్మరించాను. పిక్కల మీద బొబ్బలు లేచాయి గానీ పిల్ల దక్కింది. కిష్టయ్య అక్కడే కూలబడ్డాడు.

“నీడకు జరుగుమన్న అన్నా! నా బిడ్డ కాలుతుంటే నాకు కనబడలే!”

తర్వాత చూస్తే పైపు నానిన అటుకుల్లా వేళ్లకు అంటుకుంది. కారిన స్పిరిట్‌కు ప్లగ్ దగ్గరి నిప్పురవ్వ తగిలినట్టుంది.

ఇప్పుడు బంకుల్లోనే ఇథనాల్ కలిపిన పెట్రోల్ వస్తోంది. అది కొలత ప్రకారం కలిపేది, కొత్త బండ్లకు తగిన పైపులూ ఉన్నాయి. మైలేజీ కాస్త తగ్గుతుందే తప్ప భయం లేదని కస్టమర్లకు నేనే చెబుతాను, పాత బండయితే పైపు మార్పిస్తాను. బండి గురించి ఓనర్ చెప్పేదంతా పని చేస్తూనే వింటాను. పక్కనున్న పిల్లలు ఏదైనా అంటే మాత్రం పానా కింద పెట్టి ముందు వాళ్ల కాళ్ల వైపు చూస్తాను.