ఆరున్నొకటో భాగం

2014 వేసవిలో నన్ను శ్రీకాకుళంలోని ఒక చిన్న రేడియో కేంద్రానికి కార్యక్రమ నిర్వాహకుడిగా వేశారు. ఏది ఎప్పుడు ప్రసారం కావాలో నిర్ణయించి సంతకం పెట్టడం నా పని. రికార్డింగు, కంప్యూటర్ చూసేది సత్యం. ఆమదాలవలసలో ధాన్యం వ్యాపారం చేసే ఇంట్లో పుట్టినవాడు, పనిలో నిదానస్తుడు.

శ్రీముఖలింగం దగ్గర ఒక ఊళ్లో గురువులు అనే ఆయన జముకు అనే తీగ వాయిద్యం మీటుతూ కథలు చెప్పేవాడు. గొంతులో పుండు లేచింది. ఆపరేషన్ అయితే ఇక మాట ఉండదని డాక్టర్లు చెప్పేశారు. ఆలోపే ఆయన కథ ఒకదాన్ని పన్నెండు భాగాలుగా రికార్డు చేశాం. ఆరో భాగంలో పెళ్లి. ఆ తర్వాతి భాగంలో పెళ్లికొడుకు వంశధారలో మునిగి చనిపోతాడు.

ప్రసారం రోజున చావు ముందొచ్చింది, పెళ్లి తర్వాత వచ్చింది.

మర్నాడు ఆయన్ని వెంటబెట్టుకుని కూతురు వచ్చింది. గురువులు మెడకు కట్టుతో, తల వంచుకుని కూర్చున్నాడు. "మా అయ్య కత తప్పనేదు బాబూ. మతి పోనాదని ఊరంతా నవ్వుతన్నాది. నోరు నేనోడు ఎవులికని సెప్పుకుంతాడు?" అంది. నాకు తలెత్తి ఆయన్ని చూడబుద్ధి కాలేదు.

మా సాఫ్ట్‌వేర్ ఫైళ్లను పేర్ల వరసలో వినిపిస్తుంది. అంకెల విలువ దానికి పట్టదు. ఒక్కో గుర్తునూ విడివిడిగా పోల్చుకుంటూ పోతుంది. అందుకే 2 కంటే 10 ముందుకొస్తుంది. ఆ తిప్పలు లేకుండా 01, 02 అని పేర్లు పెట్టేవాళ్లం. ముందున్న సున్నాకు విలువ లేదంటారు గానీ మా ఉద్యోగాలు దాని మీదే నడిచాయి. తెర మీద చూస్తే 07 లేదు, దాని బదులు 06-1 ఉంది. ఫైలు పేరులో అంకె తర్వాత చుక్క వస్తుంది. యంత్రం లెక్కలో చుక్క కంటే అడ్డగీత ముందు. అంచేత 06-1 వెళ్లి 06కి ముందు కూర్చుంది.

ధాన్యం కొలిచే ఇళ్లలో ఏడు అనరు, ఏడుపు గుర్తొస్తుందని. ఆరున్నొకటి అంటారు. సత్యాన్ని అడిగితే, "సావున్న బాగం సార్. దానికి ఆ అంకె నా సేత్తో ఎలాగెట్టీమంతారు?" అన్నాడు. 07 అని నేనే కొట్టాను.

తప్పు కేంద్రానిదే గానీ కథకుడిది కాదని ముందుగా చెప్పించి, ఆ వారమే మళ్లీ వేశాం. గురువులు స్టూడియోలోనే కూర్చుని విన్నాడు. పెళ్లి రాగానే ఆయన వేళ్లు తొడ మీద జముకు మీటినట్టు ఆడాయి. తర్వాతి భాగం మొదలయ్యాక చెయ్యి ఆపేశాడు.

2 తర్వాతే 10 అని సాఫ్ట్‌వేర్ గ్రహించాలి; మనుషుల లెక్క అది. ఆరున్నొకటి అంటే ఏడని మాత్రం దానికి ఎవరో ఒకరు చెప్పాల్సిందే. రిటైరయ్యేదాకా నేను ఫైళ్ల పేర్లు మాత్రమే చూసి ఏ కథనూ ప్రసారానికి పంపలేదు. చెవితో విని, వరస సరిచూసుకున్నాకే సంతకం పెట్టాను. చెప్పినవాడికి మళ్లీ దిద్దుకునే గొంతు ఉండకపోవచ్చు.