తుపాకీ లేని వైకుంఠపాళి

ముక్కోటి ఏకాదశి నాడు మా నాయన వైకుంఠపాళి పటం పరిచి ఇంటిల్లిపాదినీ చుట్టూ కూర్చోబెట్టేవారు. అందులో ఒక్కో పాముకు ఒక్కో పాపం పేరు. జారినవాణ్ణి చూసి అందరం నవ్వేవాళ్లం. వాడు మళ్లీ ఎక్కేవాడు. ఆ ఆటను టీవీకి తగిలించి ఆడే కన్సోల్‌లోకి తేవాలని, తిరుపతిలో నేను పనిచేసే చిన్న ఆటల కంపెనీలో ఏళ్ల తరబడి కష్టపడ్డాను.

కన్సోళ్లలోనూ గోష్ఠులు వేరు, ఒక్కోదాని చుట్టూ చేరే జనం వేరు. ఒకదాని ముందు పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చుంటారు; మా ఆఫీసులో దాన్ని ఇంటి మిషన్ అంటాం. ఇంకొకదాన్ని కుర్రవాళ్లు తలుపేసుకుని కాల్పుల ఆటల కోసమే కొంటారు. మన ఆట మొదటిదానికే తగినదని మొత్తుకున్నాను. ఏ శాస్త్రమైనా అధికారి ఎవరు, అంటే ఎవరి కోసం చెబుతున్నాం, అని తేల్చుకున్నాకే మొదలవుతుంది. చిత్తూరు మామిడి వ్యాపారంలోంచి ఈ రంగానికి వచ్చిన మా యజమాని వింటేనా!

“ఆ ఇంటి మిషన్ కొన్నోళ్లు దాన్ని చేసిన కంపెనీ ఆటలే కొంటారు సామీ. బయటోళ్లవి ముట్టరు. కొండెక్కినోడు కొండ లడ్డే అడుగుతాడు. కిందంగట్లో లడ్డు ఎవురికి కావాల?”

“లడ్డు కొనరన్నా. మరి కొండ కింద చెక్కబొమ్మలు ఎవురు కొంటా ఉండారు? పిల్లోళ్లను తోడుకొని వచ్చినోళ్లే గదా!”

“నీ ప్రవచనం యాడన్నా గుళ్లో చెప్పుకో పో.”

కాల్పుల కన్సోల్‌లోనే విడుదల చేశాడు. అమ్ముడుపోలేదు. కొన్న కొద్దిమందిలో ఒకడు రాశాడు: ‘పాములను కాల్చే తుపాకీ ఎప్పుడిస్తారు?’

ఆ కుర్రవాడి తప్పేముంది? నా కడుపు మండింది మా యజమాని తీర్పుకు.

“సూసినావా? దేవుడాటలు పోవు.”

“గుజ్జు ఫ్యాక్టరీకి పోవాల్సిన తోతాపురిని పండ్లంగట్లో పెట్టి, తియ్యగా లేదంటే నువ్వు ఊరుకుంటావా అన్నా? ఒక్కసారి ఇంటి మిషన్‌లో వెయ్యి.”

“సరే, వేస్తా. దానికి ముందు ఒక తుపాకీ పెట్టు,” అన్నాడు.

పామును కాల్చేస్తే ఇక జారేదెవరు, మళ్లీ ఎక్కేదెవరు? పెట్టనన్నాను. ఆట అక్కడే ఆగిపోయింది.

ఈ ముక్కోటికి ఇంట్లో పాత గుడ్డపటమే పరిచాం. గవ్వలు వేస్తున్నంతసేపూ నా మనసు ఆఫీసులోనే ఉంది. క్రోధం పేరున్న పాము నన్ను మింగింది. మా వాళ్లంతా విరగబడి నవ్వారు.