ఆ రోజు తెరుచుకున్నది ఎవరి పేజీ?

ఇళ్ల స్థలాల జాబితా నుంచి మహాలక్ష్మమ్మ పేరు కొట్టేశారు. నోటీసును ఆమె తెరిచి చూసిందనీ, పదిహేను రోజుల గడువులో అభ్యంతరం చెప్పలేదనీ ఉత్తర్వులో కారణం రాశారు. ఆమెకు చదవడం రాదు. ఆమె ఫోన్లో ఆ నోటీసు తెరుచుకోదు.

ఉప్పాడలో ఆమె కాపురమున్న రెండు ఇళ్లు ఇప్పుడు సముద్రం అడుగున ఉన్నాయి. మూడోదాని వెనక గోడ కిందటి తుపానులో జారిపోతే అక్కడ టార్పాలిన్ కట్టుకుంది. భర్త పోయాక ఎండుచేపల గంపే ఆధారం. తొలి ఆటోకి పిఠాపురం వెళ్తే మధ్యాహ్నానికి గానీ తిరిగి రాదు. సర్వే వాళ్లు పొద్దున వచ్చారు. తాళం చూసి, ఇంట్లో ఎవరూ నివసించడం లేదని యాప్‌లో నొక్కి పోయారు. ఆ ఒక్క అబద్ధాన్ని కాదనడానికి ఆమెకు చట్టప్రకారం దక్కిన అవకాశమే ఆ నోటీసు.

అది మెసేజ్‌గా వచ్చింది. ‘మీ ఇంటి స్థలం వివరాలకు ఈ లింకు నొక్కండి.’ పేరు తొలగిస్తామన్న మాట గానీ, గడువు గానీ అందులో లేవు. అవన్నీ యాప్ లోపల, లింకు వెనక దాచారు.

ఆ వీధిలో ఎవరికి మెసేజ్ వచ్చినా పక్కింటి కోడలు సత్యశ్రీ చదివి పెడుతుంది. చదివినందుకు గుప్పెడు ఎండు నెత్తళ్లు ఇవ్వడం ఆనవాయితీ. తనూ స్థలానికి దరఖాస్తు పెట్టింది కనుక ఆమె ఫోన్లో ఆ యాప్ ఉంది.

“నీ బటన్ల ఫోన్లో టార్చి లైటు తప్ప ఏం వెలగదత్తా,” అని నవ్వి, సత్యశ్రీ ఆ లింకును తన ఫోన్‌కి పంపుకుని నొక్కింది. యాప్ సరాసరి లోపలి పేజీ దగ్గర తెరుచుకుంది. ‘అర్హులు. అభ్యంతరాలు లేవు.’

“అత్తా, నీకు స్థలం వచ్చేసిందే!”

“సరిగ్గా చూడవే. నా మొహానికి అంత తేలిగ్గా వస్తాదా?”

సత్యశ్రీ మళ్లీ నొక్కింది. అదే పేజీ. మహాలక్ష్మమ్మ గుప్పెడుతో ఆగలేదు. గంపలో మిగిలిన నెత్తళ్లన్నీ ఆ పిల్ల చేటలో పోసింది.

ఆ పేజీ సత్యశ్రీది. లింకు ఎవరికి పంపినా, నొక్కిన ఫోన్లో ఎవరి ఖాతా ఉంటే వారి పేజీనే ఆ యాప్ చూపిస్తుంది. పేజీ మీద పేరుండదు, పద్నాలుగు అంకెల దరఖాస్తు సంఖ్య ఒక్కటే ఉంటుంది. లింకు వెళ్లింది ఆమె నంబరుకు కనుక, నొక్కిన రెండుసార్లూ ‘మహాలక్ష్మమ్మ తెరిచారు’ అని మాత్రం స్థలాలిచ్చే కార్యాలయంలో తప్పకుండా నమోదైంది.

నెల తర్వాత జాబితాలో పేరు లేదని తెలిసి ఇద్దరూ ఆ కార్యాలయానికి వెళ్లారు. గుమస్తా ఉదయ్‌కుమార్ కంప్యూటరు వాళ్ల వైపు తిప్పాడు.

“పదకొండో తారీఖు, సాయంత్రం నాలుగింటికి తెరిచారండి. ఒకసారి కాదు, రెండుసార్లు. బాగా శ్రద్ధగానే చదివారు.”

“నాకు చదువే రాదు బాబూ.”

“అయితే చదివించుకున్నారు. చట్టానికి రెండూ ఒకటేనండి.”

“నేనే నొక్కానండి, కనిపించింది నా పేజీ,” అంది సత్యశ్రీ.

ఉదయ్‌కుమార్ ముఖం వెలిగింది. “మరి ఇంకొకరి నోటీసు మీ ఖాతాలో ఎలా తెరిచారమ్మా? అది రాసిస్తే ఆవిడ అర్జీ మళ్లీ చూస్తాం. మీ స్థలం కూడా విచారణలోకి వెళ్తుంది. రాస్తారా?”

సత్యశ్రీ కలం అందుకుంది. మహాలక్ష్మమ్మ ఆ చేతిని పట్టుకుంది. “వద్దే తల్లీ. నాకు మునగడం అలవాటే. నీకు పసిపిల్లలు.”

“చదివింది నేను కదత్తా,” అని ఆ పిల్ల చేయి విడిపించుకుని సంతకం పెట్టింది.

మహాలక్ష్మమ్మ అర్జీని నాలుగో రోజున తోసిపుచ్చారు: నోటీసు తెరిచినట్టు రుజువైంది, ఎవరు తెరిచారన్నది అప్రస్తుతం. అదే రోజు సత్యశ్రీ పేజీలో ‘అర్హులు’ అన్న మాట పోయి ‘విచారణలో’ అని వచ్చింది. ఒకామె విషయంలో అప్రస్తుతమైన సంగతి ఇంకొకామె విషయంలో నేరమైంది. మొన్నటి సముద్రపు పోటుకు టార్పాలిన్ కూడా కొట్టుకుపోయింది. వరసకు కోడలైన ఆ పిల్ల కళ్లలోకి చూడలేక మహాలక్ష్మమ్మ ఇప్పుడు మెసేజ్‌లు ఎవరికీ చూపించడం లేదు.

ఉత్తర్వు మీద సంతకం చేసిన అధికారులారా, ఆ యాప్ తయారుచేసిన కంపెనీ యజమానులారా! పదకొండో తారీఖు సాయంత్రం నాలుగింటికి ఆ లింకు ఎవరి ఖాతా పేజీని చూపించిందో మీ సర్వరులో ఉంది. దాన్ని బయటపెట్టండి. ఉత్తర్వును రద్దు చేయండి, నిజం చెప్పిన మనిషి మీద విచారణ ఎత్తివేయండి. ఆ తర్వాత నోటీసు కాగితం పట్టుకుని, మధ్యాహ్నం పూట, ఎవరూ నివసించడం లేదని మీరు రాసిన ఆ ఇంటికి రండి. ఆమె ఎదుట నిలబడి పైకి చదవండి. గడువు ఆ రోజు నుంచి లెక్కపెట్టండి.