శనక్కాయల మీద వాన

నెలల తరబడి ఊళ్లు తిరిగి భుజాలు పడిపోయాయని ఇవాళ అనంతపురం లాడ్జిలో బ్యాగు ఖాళీ చేశాను. స్వెటరు, బూట్లు అక్కడి పనబ్బాయికి ఇచ్చేశాను. ఈ కరువు సీమలో దండగని, టెంటు కింద పరుచుకునే ప్లాస్టిక్ పట్ట కూడా ఎవరికైనా ఇచ్చేద్దామని చంకన పెట్టుకుని బయల్దేరితే వాన మొదలైంది. నాకు పండగే. తడుస్తూ, ఫోటోలు తీసుకుంటూ కళ్యాణదుర్గం రోడ్డు చివరిదాకా నడిచాను.

అక్కడ తారురోడ్డు మీద ఆరబోసిన వేరుశనగ కాయను భార్యాభర్తలిద్దరు చేతులతోనే కుప్పకు లాగుతున్నారు.

"ఏమ్మా, ఫోటోలేంది? ఆ పట్ట ఇట్ల ఇయ్యి!" అని అరిచిందామె.

ముగ్గురం పట్టుకుని కప్పాం. సగం కుప్పకు కూడా రాలేదు.

"పైరు ఎండిపోతాంటే వాన రాలా. కాయ ఇంటికి చేరే పొద్దుకు వచ్చె," అన్నాడాయన, పట్ట అంచు మీద రాయి పెడుతూ.

"విత్తనానికన్నా దక్కితే సాలు," అందామె.

ఇవాళ నేను వదిలించుకున్న వాటిలో పనికొచ్చింది అదొక్కటే, అదీ చాలలేదు. తడిసిన కాయ మొలకెత్తకుండా, బూజు పట్టకుండా ఆరబెట్టే దారి తెలిసినవాళ్లు చెప్పండి, రేపు పొద్దున్నే వెళ్లి చెప్తాను. ఇక్కడ ఇంకా కురుస్తూనే ఉంది.