ముక్కోపి జంట దెబ్బ

రెండు వేల ఇరవై మూడు. హిందూపురం బస్టాండు వెనక వీధిలో పదడుగుల గది నా వర్క్‌షాపు. నా పేరు శాంతకుమారి. పేరుకూ నాకూ ఏ సంబంధమూ లేదని ఒక్కసారి నా దగ్గరికి వచ్చినవాళ్ళకైనా తెలిసిపోతుంది. చాలా ఏళ్ళు టీవీలు, మిక్సీలు బాగుచేశాను. ఆ తర్వాత వీడియో గేములాడే కంట్రోలర్ల పనిలోకి దిగాను. ఆడమనిషి సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే వింతగా చూసే రోజులు పోయాయి గానీ, నా నోటికి భయపడే రోజులు మాత్రం ఇంకా పోలేదు.

నేను ఎక్కువగా చేసేది ఆర్కేడ్ స్టిక్. చెక్క డబ్బా, ఎడమవైపు ఒక లివరు, కుడివైపు ఎనిమిది బటన్లు. ఒళ్ళో పెట్టుకుని ఆడతారు. కొట్లాట గేములు ఆడేవాళ్ళకు అది లేకపోతే చేతులు ఆడవు. ప్రతి డబ్బానూ బిగించాక అడుగు స్క్రూల మీద గోళ్ళరంగు ఒక్కో చుక్క పెడతాను. ఎవరైనా విప్పితే రంగు పగులుతుంది, నాకు తెలిసిపోతుంది. మా అమ్మాయి వాడి పారేసిన మెరూన్ రంగు సీసాలన్నీ నా బల్ల మీదే ఉంటాయి.

ఆ సంవత్సరం మా వైపు కుర్రాళ్ళందరూ ఒకే గేమ్ మీద పడ్డారు. నాలుగు భాగాలు వచ్చిన గేమ్ అది. అందులో హీరోకు పోటీగా ఒకడు ఉంటాడు. అసలు పేరు ఏదో ఉంది, ఎవరూ పలకరు. అందరూ వాడిని ముక్కోపి అంటారు. ఒక చేతికి చొక్కా ఉండదు, ఒక కనుబొమ కాలిపోయి ఉంటుంది. హీరో, వీడూ ఒకే గురువు దగ్గర నేర్చుకున్నారు. గురువు హీరోను మెచ్చుకున్నాడని వీడికి మంట. నాలుగు భాగాల్లోనూ అదే వరస. హీరో ఏదో చెప్పబోతాడు, వీడు మాట పూర్తిగా వినకుండానే చెయ్యి లేపుతాడు, చివరికి ఓడిపోతాడు. మా అమ్మాయి వాడిని చూపించి నన్ను ఆటపట్టించేది, నీ తమ్ముడు వచ్చినాడు చూడమ్మా అని.

ముక్కోపి బలమంతా జంట దెబ్బలో ఉంది. పెద్ద గుద్దు బటన్ నొక్కాక సరిగ్గా పావు సెకనుకు మళ్ళీ నొక్కితేనే రెండో గుద్దు పడుతుంది. గేమ్ లెక్కలో పదిహేను ఫ్రేములు. సెకనును అరవై ముక్కలు చేస్తే ఒక్కో ముక్క ఒక ఫ్రేము. ఒకటి అటూ ఇటూ అయిందా, దెబ్బ గాల్లో పోతుంది, ముక్కోపి నిలబడి తన్నులు తింటాడు. అందుకే వాడిని తీసుకునేవాళ్ళు తక్కువ.

ధర్మవరం నుంచి వచ్చే నాగభూషణ మాత్రం వాడినే తీసుకునేవాడు. పట్టుచీరలు నేసే మనిషి. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళుంటాయి. మాట మెల్లగా, చూపు నేల మీద. అంత నెమ్మదస్తుడు అంత కోపిష్టివాడిని ఎందుకు ఎంచుకున్నాడో నాకు అర్థమయ్యేది కాదు. ఆ ఏడు మొదట్లో స్టిక్ చేయించుకుని పోయాడు. నెలన్నరకు మళ్ళీ వచ్చాడు.

"అక్కా, ఒకసారి నొక్కితే రెండుసార్లు పడతాండాది."

"ముక్కోపికి అదే కదప్పా కావాల్సింది. కలిసొచ్చింది అనుకో."

"నేను నొక్కనిది నాకొద్దక్కా. చూడండి ఒకసారి."

బటన్ కింద ఉండే మైక్రోస్విచ్, అంటే నొక్కినప్పుడు టిక్కుమనే చిన్న మీట, అరిగితే ఒక నొక్కుడు రెండుగా పోతుంది. దాన్ని మార్చాను. నా బల్ల ముందు ఎత్తు స్టూలు మీద కూర్చోబెట్టి ఆడించాను. అరగంట ఆడాడు. ఒక్కసారి కూడా రెండు పడలేదు. మూడు వారాలకు మళ్ళీ అదే ఫిర్యాదు. మళ్ళీ స్టూలు, మళ్ళీ అరగంట, మళ్ళీ ఏమీ లేదు. మూడోసారి వచ్చినప్పుడూ స్టూలు మీద అంతే, నాకు ఒళ్ళు మండింది.

"ధర్మవరంలో పడేది హిందూపురంలో ఎందుకు పడదు నాగభూషణా? నా డబ్బాకు ఊరు తెలుస్తుందా? పనీపాటా లేదనుకున్నావా నాకు?"

అతడు డబ్బాను తువ్వాలలో చుట్టుకుని బస్సుకు పోయాడు. నా రిపేరు పుస్తకంలో అతడి పేరు పక్కన 'లోపం లేదు' అని రాసి, కింద గీత కూడా గీశాను.

ఆగస్టులో పెనుకొండలో టోర్నమెంటు పెట్టారు. కల్యాణ మండపం మాట్లాడుకున్నారు. హిందూపురం, ధర్మవరం, అనంతపురం కుర్రాళ్ళు అరవై మంది దాకా వచ్చారు. శనివారం సెమీఫైనళ్ళు, ఆదివారం ఫైనల్. స్టిక్కులు పాడైతే చూడటానికి నన్ను పిలిచారు. నాగభూషణ ఆ రోజు ఎదురులేకుండా ఆడాడు. ముక్కోపి జంట దెబ్బ ఒక్కటి కూడా తప్పలేదు. సెమీఫైనల్ అవ్వగానే ఓడిపోయిన అబ్బాయి లేచి, ఇది టర్బో అన్నాడు.

టర్బో అంటే బటన్ నొక్కి పట్టుకుంటే తనంతట తానే మళ్ళీ మళ్ళీ నొక్కినట్టు పంపే చిన్న సర్క్యూట్. పోటీల్లో నిషేధం. దొరికితే ఆటగాడిని జీవితకాలం తీసేస్తారు, ఆ డబ్బా చేసినవాళ్ళ సరుకును మళ్ళీ లోపలికి రానివ్వరు. పోటీ నడిపించే కిరణ్ రికార్డింగును వెనక్కి తిప్పి ఫ్రేములు లెక్కపెట్టాడు. ముప్పై ఒక్క జంట దెబ్బలు. ప్రతిదానికీ మధ్య పదిహేను ఫ్రేములే. మనిషి చెయ్యి అంత సమంగా ఆడదని అక్కడున్న అందరికీ తెలుసు. నాకూ తెలుసు.

ఆ క్షణం నా బుర్రలో ఒకటే తిరిగింది. మూడుసార్లు వచ్చి ఫిర్యాదు చేసింది ఇందుకన్నమాట. ముందే ఒక కథ అల్లి పెట్టుకుని, తర్వాత లోపల ఏదో అమర్చుకున్నాడు. నా పేరు అడ్డం పెట్టుకుని నన్ను ముంచాడు. అరవై మంది ముందు గట్టిగా అరిచేశాను.

"ఏం పెట్టినావు నా డబ్బాలో? నిజం చెప్పు. నా స్టూలు మీద ఒక్కసారి పడనిది ఈడ ముప్పైసార్లు ఎట్లా పడింది?"

నాగభూషణ డబ్బా మీదనుంచి చేతులు తీసేశాడు. "నేనేం పెట్టలేదక్కా" అన్నాడు. అంతే.

డబ్బా చేసిన మనిషే దొంగ అన్నాక ఇంకెవరికి అనుమానం ఉంటుంది? వెనక వరసలో ఎవరో ఈల వేశారు. నేను డబ్బాను బల్ల మీద తిరగేశాను. స్క్రూడ్రైవర్ పెట్టబోతూ ఆగిపోయాను. ఆరు స్క్రూల మీదా మెరూన్ చుక్కలు నేను పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. పగుళ్ళు లేవు, గీతలు లేవు. డబ్బాను నేను తప్ప ఇంకెవరూ విప్పలేదు.

ఆ మాట కిరణ్‌కు చెప్పాను. అతడు మర్యాదగానే అన్నాడు, "అట్లయితే పెట్టింది మీరే కావాల కదక్కా."

విప్పి చూపించాను. తీగలు, స్విచ్చులు, ఒక బోర్డు. టర్బో సర్క్యూట్ ఏమీ లేదు. అయితే బోర్డులోని చిప్‌లో ప్రోగ్రామ్ రాసి ఉంటే కంటికి కనపడదు కదా అన్నాడు కిరణ్. అదీ నిజమే. చివరికి ఒక దారి చెప్పాడు. ఆదివారం పదకొండుకు, ఫైనల్‌కు ముందు, వాళ్ళ దగ్గరున్న సీలు తీయని కొత్త స్టిక్కు మీద నాగభూషణ ఆడాలి. అందులోనూ అలాగే జంటలు పడితే చెయ్యి అతడిదని ఒప్పుకుంటారు. పడకపోతే అతడూ పోయినట్టే, నేనూ పోయినట్టే.

బయట నాగభూషణ చెప్పులు వేసుకుంటూ ఉంటే దగ్గరికి పోయాను. "రేపు ఎట్లా ఆడుతావో అట్లనే ఆడు" అన్నాను. అతడు తలూపి బస్టాండు వైపు నడిచాడు.

ఆదివారం భార్య సరోజను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమె ఎప్పుడూ గేమ్ చూసిన మనిషి కాదు. మొదటి వరసలో కూర్చుంది, చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని. ఫైనల్‌ను వీడియో తీస్తున్నారని స్టేజీ మీద రెండు ఎత్తు కుర్చీలు వేశారు. నాగభూషణ ఒకదాని మీద ఎక్కి కూర్చున్నాడు. కొత్త స్టిక్కు సీలు అందరి ముందూ కోసి ఒళ్ళో పెట్టారు. తెర మీద ముక్కోపి వచ్చి పళ్ళు నూరాడు.

మొదటి గుద్దు ఒంటిగా పడింది. రెండోది ఒంటిగానే. ఐదు, ఎనిమిది, పన్నెండు. ఒక్క జంట కూడా లేదు. పదిహేనోసారికి నాగభూషణ చొక్కా వీపు తడిసిపోయింది. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను.

కిరణ్ గొంతు తగ్గించి అన్నాడు, "అయిపాయ కదక్కా. ఆ డబ్బాలో పడినది ఈ డబ్బాలో పడలేదు. ఇంకేం చెప్పల్ల?"

అప్పుడు మొదటి వరసలోంచి సరోజ లేచింది.

"ఏమప్పా, ఆయప్పను అంత ఎత్తున కూర్చోబెడితిరే. కాళ్ళు గాల్లో యాలాడతాండాయి చూడు. నేలకు ఆనకపోతే చెయ్యి ఎట్లా ఆడతాది?"

ఎవరో నవ్వారు. కిరణ్ విసుగ్గా, "ఇది కాళ్ళతో ఆడేది కాదమ్మా" అన్నాడు.

"మగ్గం కూడా చేతులతోనే నేస్తారనుకుంటారు చూసేవాళ్ళు. కాలు తొక్కినాకే కదప్పా చెయ్యి కొట్టేది. ఇంట్లో ఇది ఆడేటప్పుడు కూడా ఆయప్ప కాలు ఊరికే ఉండదు. తొక్కుతానే ఉంటాడు. వంటింట్లోకి వినపడతాది."

నా వర్క్‌షాపులో స్టూలు. ఎత్తు స్టూలు. మూడుసార్లూ అతడి కాళ్ళు గాల్లోనే ఉన్నాయి. నిన్న ఆడింది మండపంవాళ్ళ ప్లాస్టిక్ కుర్చీలో, కాళ్ళు నేల మీద.

ఎవరినీ అడగలేదు. నేనే పోయి కింద ఉన్న ప్లాస్టిక్ కుర్చీ ఎత్తుకొచ్చి స్టేజీ మీద వేశాను. "దీంట్లో కూర్చో నాగభూషణా" అన్నాను. కూర్చున్నాడు. పాదాలు నేల మీద ఆనించాడు. కిరణ్‌తో, తెర చూడొద్దు, కాళ్ళూ చేతులూ చూడు అన్నాను.

ఆట మొదలైన కాసేపటికి అతడి కుడి పాదం నేలను తొక్కింది. ఎడమ చెయ్యి లివరును చటుక్కున లాగింది. కుడి చెయ్యి బటన్‌ను రెండు దెబ్బలు కొట్టింది. టక్ టక్. మళ్ళీ పాదం, లాగుడు, టక్ టక్. తెర మీద ముక్కోపి జంట గుద్దులు ఒకదాని వెనక ఒకటి పడుతున్నాయి. కిరణ్ ఫ్రేములు లెక్కపెట్టాడు. పదిహేను. మళ్ళీ పదిహేను. ఇంకోసారి పదిహేను.

మగ్గం మీద కాలితో చెక్క తొక్కితే పోగులు రెండు వరసలుగా విడతాయి. ఎడమ చేత్తో తాడు లాగితే అడ్డదారం మోసే నాడె ఇటునుంచి అటు పోతుంది. అప్పుడు కుడి చేత్తో పలకను దగ్గరికి లాగి కొడతారు, నేత బిగియడానికి. పట్టు గట్టిగా కూర్చోవాలని అతడు ఎప్పుడూ రెండు దెబ్బలు కొడతాడట. రోజుకు వేలసార్లు, పద్నాలుగేళ్ళుగా. తాను ఒక్కసారే నొక్కుతున్నానని నిజంగానే అనుకున్నాడు. అబద్ధం చెప్పలేదు. తన చెయ్యి ఏం చేస్తుందో తనకే తెలియలేదు.

కిరణ్ మైకులో ఇందులో మోసం ఏమీ లేదని ప్రకటించాడు. చప్పట్లు కొట్టారు. ఫైనల్లో నాగభూషణ ఓడిపోయాడు. తన చెయ్యి సంగతి తెలిశాక దాన్ని చూసుకుంటూ ఆడాడు, మూడు జంటలు తప్పాయి.

తర్వాతి వారం ధర్మవరం పోయాను. ఒకరి ఇంటికి పోయి తప్పు ఒప్పుకోవడం నాకు అలవాటు లేని పని. గుమ్మం దగ్గరే మగ్గం చప్పుడు వినిపించింది. టక్ టక్. కాసేపు అక్కడే నిలబడిపోయాను. లోపలికి పోయి, "తప్పయింది నాగభూషణా. అందరి ముందూ అట్లా అనకూడదు" అన్నాను.

అతడు మగ్గం ఆపాడు.

"దొంగ అంటిరని కాదక్కా నా బాధ. మైకులో చెప్పినారు, అది పాయ. శనివారం ఇంటికొచ్చి మగ్గం మీద కూర్చుంటి. చెయ్యి ఆడలే. నాకు తెలీకుండా ఈ చేతులే ఏమన్నా చేసినాయేమో అనిపించె. వీటితోనే కదా నేను అన్నం తినేది. ఆ పొద్దు వీటిని నేనే అనుమానపడితి."

సరోజ టీ తెచ్చింది. అతడు మళ్ళీ నేయడం మొదలుపెట్టాడు. నాలుగు దారాలు నేసి, ఆగి, తన కుడి చేతిని ఒకసారి చూసుకున్నాడు. మళ్ళీ నేశాడు.

హిందూపురం రాగానే పక్క వీధి వడ్రంగిని పిలిచి ఆ స్టూలు కాళ్ళు కోయించాను. రిపేరు పుస్తకంలో 'లోపం లేదు' అన్న మాటను కొట్టేయలేదు. పక్కనే 'నేను సరిగా చూడలేదు' అని రాశాను. ఇప్పుడు ఎవరు డబ్బా తెచ్చినా స్క్రూడ్రైవర్ ముట్టుకోను. నేల మీద కూర్చుంటావా, కుర్చీలోనా, మంచం మీదనా, ఇంట్లో ఎట్లా ఆడతావో ఈడ అట్లనే ఆడి చూపించు అంటాను. వాళ్ళు ఆడినంతసేపూ నోరు మూసుకుని చూస్తాను. అదే నాకు అన్నిటికంటే కష్టమైన పని.